నేల తగిలిన చోటు

నమోదు 1. వంట: ఎల్లాజీ

ఇక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు. తారీఖు ఎప్పుడు మారిందో ఎవరికీ గుర్తుండదు కాబట్టి మేము రోజుల్ని వంటను బట్టి చెప్పుకుంటాం. నలుగురం ఉన్నాం, వంతులవారీగా వండుతాం. ఎల్లాజీ వంట రోజంటే చారు. అందులో చింతపండు ఎటుపోయిందో అతనికీ తెలియదు. మౌలాలి వంట రోజంటే రాగిసంగటి. అసిరమ్మ పిన్ని వంట రోజున పిలవకముందే అందరూ బల్ల చుట్టూ చేరతారు. నా వంట ఉప్మా. ఆ రోజు మాత్రం అందరికీ బయట ఏదో ఒక పని గుర్తుకొస్తుంది.

ఈ దినచర్య రాయమన్నది మంచు కాపలా కేంద్రం వాళ్ళు. "దీవి యొక్క భౌగోళిక వివరములు కూడా చేర్చవలెను" అని ఆదేశం. పటం పని నాదే కాబట్టి చేరుస్తున్నాను, చదవండి.

మా దీవి పళ్ళెంలో పెట్టిన ఇడ్లీలా ఉంటుంది. మధ్యలో ఉబ్బు, చుట్టూ వాలు, వాలు చివర నిలువుగా మంచు గోడ, గోడ కింద సముద్రం. చెట్టు లేదు, రాయి లేదు, చారెడు మట్టి లేదు. మేము ఓడ దిగింది మంచు మీదే, ఇల్లు కట్టుకున్నది మంచు మీదే. కేంద్రం పటాల్లో దీనికి ఒక అంకె ఇచ్చారు. మేము ఇడ్లీ అనే అంటాం. దీని అడుగున నేల ఉందని పాత పటాలు చెబుతున్నాయి. చూసినవాళ్ళు లేరు.

చలికాలంలో పంపులతో సముద్రపు నీళ్ళు తోడి గాల్లోకి చిమ్మడం మా పని. అవి మంచై దీవి మీద పడతాయి. వేసవిలో కరిగినంత మళ్ళీ పేర్చిపెడతాం. ప్రపంచంలో మంచు మిగిలిన ప్రతి చోటా ఇప్పుడు మాలాంటి కాపలాదార్లు ఉన్నారు. ఈ ఉద్యోగాల్లో మునిగిన ఊళ్ళవాళ్ళకు కోటా ఉంది. నేనూ, పంపులు చూసే అసిరమ్మ పిన్నీ, మర పనులు చూసే ఎల్లాజీ, ముగ్గురం ఆ కోటాలో వచ్చినవాళ్ళమే. ముగ్గురిదీ గవ్వలపేట. మా అమ్మకు పిన్ని చెల్లెలు, ఎల్లాజీకి మేనత్త. ఆ లెక్కన ఎల్లాజీ నన్ను వదినా అంటాడు, వెక్కిరించేటప్పుడు వదినగారూ అంటాడు.

మౌలాలిది కర్నూలు అవతల ఒక పల్లె. రేడియో, రాడారు చదివి, పరీక్ష రాసి వచ్చాడు. మీ ఊరు మునగలేదా అని పిన్ని వచ్చిన రోజునే జాలిపడింది. "మా ఊర్ల తాగనీకే నీళ్ళు ల్యావమ్మా, ఇంగ మునిగేదెట్ల?" అన్నాడు. అప్పట్నుంచీ పిన్నికి అతని మీద మరింత జాలి.

ఇక పేర్ల సంగతి. తెల్లటి మంచులో ఏ చోటైనా ఒకేలా ఉంటుంది, గుర్తు పెట్టుకోవడం కష్టం. అందుకని మొదట్నుంచీ ఇక్కడొక పద్ధతి నడుస్తోంది. ఎవరు ఎక్కడ జారిపడితే ఆ చోటుకి వాళ్ళ పేరు. పడ్డవాళ్ళే లేచి అక్కడ ఒక కర్ర పాతి, రంగు గుడ్డ కట్టాలి. మిగతావాళ్ళు నవ్వడం పూర్తయ్యాక నేను వెళ్ళి కొలతలు తీసి పటంలో ఎక్కిస్తాను. అలా మా పటంలో చిన్న ఎల్లాజీ, పెద్ద ఎల్లాజీ, ఎల్లాజీ మళ్ళీ, టీ మౌలాలి వగైరా చోట్లు ఉన్నాయి. మాకంటే ముందు పనిచేసి వెళ్ళిన బంగారయ్య పేరు మీద కూడా దక్షిణం గోడ దగ్గర ఒకటి ఉండేది. ఆ కర్రను గాలి ఎత్తుకుపోయింది.

నా పేరు మాత్రం పటంలో ఎక్కడా లేదు. నేను కింద చూసుకుని నడుస్తాను.

నమోదు 2. వంట: అసిరమ్మ

పులుసు పొయ్యి మీద ఉడుకుతుండగా మౌలాలి రేడియో గదిలోంచి వచ్చాడు. సాధారణంగా ఆ వాసనకు నవ్వుతూ వస్తాడు. ఈసారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కేంద్రం నుంచి వచ్చిన కబురు చదివి వినిపించాడు.

సంగతి ఇది. మంచు అడుగున ఉన్న నేల సముద్రం కంటే ఎత్తులో ఉంటే ఆ మంచు నిలుస్తుంది. నేల మొత్తం సముద్రం కంటే కిందే ఉంటే వెచ్చటి నీళ్ళు అడుగున దూరి, దాన్ని లేపి, ముక్కలు చేస్తాయి. అలాంటి దాన్ని కాపలా కాయడం దండగ. కాబట్టి ప్రతి దీవిలోనూ అడుగు చూడాలి. సముద్రం పైకి లేచిన రాయి ఒక్కటైనా ఉందని రుజువు చేస్తే దీవి ఉంటుంది, కాపలా ఉంటుంది. లేకపోతే అది దీవే కాదు, సముద్రం అడుగుకు తట్టుకుని ఆగిపోయిన మంచుగడ్డ. వేసవి చివర ఓడ వచ్చినప్పుడు పంపులు, మనుషులు అందులో ఎక్కాలి.

ఎక్కి ఎక్కడికి వెళ్తాం? మునిగిన ఊళ్ళవాళ్ళను ఉంచే ఎత్తు శిబిరాలకు. ఇక్కడికి రాకముందు గవ్వలపేటవాళ్ళం ముగ్గురం అక్కడే ఉన్నాం. అంతస్తు మీద అంతస్తు, డబ్బా మీద డబ్బా. కింది అంతస్తులు నీళ్ళకు వదిలేస్తారు. పిల్లలు మెట్ల మీద పుట్టి మెట్ల మీద పెరుగుతారు.

పిన్ని ఒక్కతే గరిటె తిప్పుతూ ఉంది.

"నేల నేదని ఎవులన్నారు? నాకు తగిల్నాది కదేటి" అంది.

"ఎప్పుడు పిన్నీ?"

"వొచ్చిన ఏడాదే. పగుల్లో నడుందాకా దిగబడిపోనాను సూడు, అప్పుడు. మోకాలు టంగుమనీసి రాయికి కొట్టుకున్నాది. ఇప్పటికీ మబ్బు పడితే నొప్పెడతాది."

ఎల్లాజీ పళ్ళెం ముందుకు జరుపుకున్నాడు. "అత్తా, అది రాయి కాదు. ఆ రోజు నీ సంచిలో గడ్డకట్టిన సేపలున్నాయి. ఆటికే తగిలుంటాది నీ మోకాలు."

"సేపేదో రాయేదో నాకు తెల్దేటిరా?"

"మరి మబ్బు పడితే నొప్పెడతాదంటున్నావు. ఇక్కడ ఏ రోజు మబ్బు నేదు సెప్పు?"

అందరం నవ్వాం, పిన్ని కూడా. కానీ మౌలాలికి పులుసు వడ్డిస్తూ ఆమె మెల్లిగా ఒక మాట అంది. "నాను మాత్రం మరి ఆ అంతస్తులు ఎక్కను బాబూ. ఏటి రాసుకుంటారో రాసుకోండి." మౌలాలి మూడోసారి వడ్డించమని అడగకుండానే లేచిపోవడం అదే మొదటిసారి.

నమోదు 3. వంట: మౌలాలి

రాడారు పెట్టెను జారుడు బండి మీద కట్టి దీవంతా ఈడ్చాం. కర్ర నుంచి కర్రకు గీతలు గీసినట్టు తిరిగాం. ఈడ్చింది దున్న. దున్న అంటే మా సామాను మోసే యంత్రం. దానికి ఆరు కాళ్ళు, కొమ్ముల్లాంటి రెండు తీగలు. ఎప్పుడూ మనిషి వెనకే నడుస్తుంది. పాపం, దానికి ఎవరో చక్కటి పుస్తకాల తెలుగు నేర్పించి పంపారు. ఎల్లాజీ "ఒరే దున్నా, రారా" అంటే "వస్తున్నానండీ" అంటుంది.

ఉబ్బుకు దక్షిణంగా భుజం లాంటి ఒక మలుపు ఉంది. అక్కడ మంచు అడ్డంగా, నిలువుగా పగిలి ఉంటుంది. ఎర్రజెండాలు పాతి ఉంచాం, ఆ వైపు ఎవరూ వెళ్ళరు. రాడారు బండిని కూడా దాని చుట్టూ తిప్పి తీసుకొచ్చాం.

సంగటి ముద్దలు పెట్టి, పక్కన చెనిక్కాయల చట్నీ వేసి, మౌలాలి ఫలితం చెప్పాడు. "యాడ సూసినా అడుగు సముద్రం కంటే కిందే ఉండాదక్కా. రాయి ఉండాది గానీ లోతులో ఉండాది. పైకి లేసింది ఒక్కటి గూడా కనపల్యా."

"సేపలు కనపడ్డాయేటి?" అన్నాడు ఎల్లాజీ.

పిన్ని సంగటి ముద్దను బల్ల మీద పెట్టింది. "రాడారూ గీడారూ నాకొద్దు. నా కర్ర ఉంది కదా, దాని కింద తవ్వండి. అక్కడే తగిల్నాది నాకు. నా సేత్తో పాతినాను ఆ కర్ర. నేల అక్కడే ఉంటాది."

అదీ సబబుగానే తోచింది. అసిరమ్మ పడ్డచోటు అంటే మా పటంలో మొదటి పేర్లలో ఒకటి. ఆ కర్రకు కట్టిన పసుపు గుడ్డ వెలిసిపోయి తెల్లబడితే ఏటా కొత్తది కట్టేది పిన్నే.

నమోదు 4. వంట: నేను

ఉప్మా ఎవరూ తినలేదు. ఈసారి అది ఉప్మా తప్పు కాదు.

పొద్దున్నే తొలిచే మరను దున్న మీద కట్టుకుని పిన్ని కర్ర దగ్గరికి వెళ్ళాం. దక్షిణం గోడకు అంత దూరం కాకుండా, నునుపైన వాలులో ఉంది ఆ కర్ర. పిన్ని పడ్డ పగులు ఎప్పుడో పూడిపోయిందనుకున్నాం. పిన్ని ముందు నడిచింది. కర్ర పక్కన నిలబడి, కాలితో గీత గీసి, "ఇక్కడ" అంది. పెళ్ళి పెద్దలా దర్జాగా చేతులు వెనక్కి కట్టుకుంది. ఆ దర్జా నాకు ముచ్చటేసింది.

ఎల్లాజీ మర తిప్పాడు. మంచు. ఇంకా తిప్పాడు. మంచు. కడ్డీ వెనక కడ్డీ తగిలిస్తూ పోయాం. ప్రతి కడ్డీకీ పిన్ని, "ఇంక తగుల్తాది, సూడండి" అంటూ వచ్చింది. సముద్ర మట్టం దాటిపోయిందని మౌలాలి చెయ్యి ఎత్తాడు. ఎల్లాజీ మర ఆపేశాడు. పైకి వచ్చినదంతా మంచే, కడిగిన గాజులా ఉంది.

"మరికొంచెం" అంది పిన్ని.

"ఇంగ ఎంత పోయినా లాభం ల్యాదమ్మా" అన్నాడు మౌలాలి.

ఎల్లాజీకి ఎక్కడ ఆగాలో తెలియదు. పుట్టుకతో వచ్చిన గుణం అది. ఇంటికి వచ్చాక శీతల పెట్టెలోంచి గడ్డకట్టిన చేపల సంచి తీసి పిన్ని కుర్చీలో పెట్టాడు. పిన్ని చూసుకోకుండా కూర్చుంది. మోకాలు కాదు గానీ ఇంకోటి తగిలింది. మేం ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం. నేనూ నవ్వాను.

పిన్ని నవ్వలేదు. సంచి తీసి జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడైనా కాలేదు. ఆమె తలుపు గట్టిగా వేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నమోదు 5. వంట: అసిరమ్మ వంతు, పొయ్యి వెలగలేదు

పిన్ని వంట తప్పడం నేను ఎరగను. జ్వరంలో కూడా దుప్పటి కప్పుకుని వండింది. ఇవాళ బల్ల చుట్టూ ముగ్గురం బిస్కెట్లు పట్టుకుని కూర్చున్నాం. ఎల్లాజీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"వదినా, నువ్వెళ్ళి మాట్లాడు."

"సంచి పెట్టింది నువ్వు."

"నవ్వింది నువ్వు."

వెళ్ళాను. పిన్ని మూట కట్టుకుంటోంది. రెండు చీరలు, కోటు, చింతపండు అచ్చు, కోటా కోసం ఇచ్చిన గవ్వలపేట కార్డు. ఓడ రావడానికి ఇంకా చాలా సమయం ఉందని చెప్పాను. ఆమె ముడి బిగించింది.

"మీరంతా నన్ను ఎర్రిదాన్ని సేసినారని కాదే నూకా. ఎర్రిదాన్నే అనుకో. గానీ నాను అబద్దం ఆడలేదు."

"ఎవరన్నారు పిన్నీ ఆడావని?"

"ఊరు ములిగిపోనాక శిబిరంలో ఎన్నిసార్లు పడ్డానో. ఆ రేకుల మీద పడితే డబ్బాలాగ మోగేది, అంతే. ఇక్కడికొచ్చి మంచు మీద పడ్డాను. మంచు జారిస్తాది. ఎంత పడినా జారిస్తాది గానీ కొట్టదు. ఆ రోజు పగుల్లో దిగినప్పుడు కొట్టింది. ఓలమ్మో అని ఏడ్సినాను. నొప్పికి కాదే. ఇన్నాళ్ళకి నేల తగిల్నాదని ఏడ్సినాను."

పక్కన కూర్చుని మూటకు రెండో ముడి వేయడంలో సాయం చేశాను. సాయం చేసి, అయ్యో, నేనెందుకు సాయం చేస్తున్నాను అనుకున్నాను.

నేల లేదు అనే మాట కేంద్రానికి చేరవేయాల్సింది మౌలాలి. ఒక్క వంట రోజు ఆగమని బతిమాలాను. "ఆగితే రాయి మొలుస్తాదా అక్కా?" అన్నాడు. అంటూనే రేడియో మీద తువ్వాలు కప్పేశాడు.

నమోదు 6. వంట: ఎల్లాజీ, పిన్ని వంతు కూడా తనే చేస్తానని

ఈదురుగాలి. తొలిచే మరను, కడ్డీలను పిన్ని కర్ర దగ్గరే వదిలి వచ్చాం, అవి మంచులో కూరుకుపోతాయి. ఎవరికీ అక్కడికి వెళ్ళే మనసు లేదు. అందుకని ఎల్లాజీ దున్నను ఒంటరిగా పంపాడు.

"అసిరమ్మ పడ్డచోటు తెలుసు కదరా? ఎల్లి ఆ సామాను ఎత్తుకురా."

"తెలుసునండీ. పటంలో ఉంది. వెళ్ళి వస్తాను" అని దున్న గాలిలోకి వెళ్ళిపోయింది. ఎప్పుడూ మా వెనక నడిచే దున్న ఒంటరిగా వెళ్ళడం ఇదే మొదలు.

చారు మరిగే లోపల రేడియోలో దాని గొంతు వినిపించింది.

"నమస్కారమండీ. నేను అసిరమ్మ పడ్డచోటు చేరుకున్నాను. ఇక్కడ సామాను లేదు. ఇక్కడ నేను కూడా పడ్డాను. మీరు నవ్వడం పూర్తయ్యాక వచ్చి లేపగలరు."

పిన్ని తలుపు వెనక నుంచి చిన్న చప్పుడు వచ్చింది. దగ్గో నవ్వో తెలియలేదు.

గాలి తగ్గాక ఎల్లాజీ, నేను, మౌలాలి వెళ్ళాం. కర్ర దగ్గర మర ఉంది, కడ్డీలు ఉన్నాయి, దున్న లేదు. చుట్టూ చూశాం. చివరికి మౌలాలి పైకి చూపించాడు. చాలా పైన, భుజం దగ్గర, ఎర్రజెండాల మధ్య రెండు కొమ్ములు కనిపించాయి.

"ఈడికి రమ్మంటే ఆడికి పోయిండాది. దీనికి పిచ్చి పట్టినట్టుంది" అన్నాడు.

ముగ్గురం ఒకరికొకరం తాడు కట్టుకుని, మంచును కర్రతో పొడిచి చూసుకుంటూ పైకి వెళ్ళాం. దున్న పగుల్లో నడుం దాకా దిగబడి, ముందు కాళ్ళతో అంచు పట్టుకుని మర్యాదగా ఎదురుచూస్తోంది. తాళ్ళు వేసి లాగాం. పైకి వచ్చాక ఎల్లాజీ వంగి దాని వెనక కాలు చూశాడు. ఉక్కు గిట్ట పక్కకు వంగిపోయింది. కొసమీద నల్లటి గీత పడింది.

ఎల్లాజీ గిట్ట సందులో వేలు పెట్టి ఏదో గీకి తీశాడు. గోరంత ముక్క, నల్లగా ఉంది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

"దున్నా, నిన్ను ఎక్కడికి వెళ్ళమన్నాం?" అని అడిగాను.

"అసిరమ్మ పడ్డచోటికండీ. మీరు పటంలో ఎక్కించిన కొలతల ప్రకారం ఇదే అసిరమ్మ పడ్డచోటు."

నేను వెనక్కి తిరిగి కిందికి చూశాను. దూరంగా వాలులో పిన్ని కర్ర, పసుపు గుడ్డ రెపరెపలాడుతోంది. ఇక్కడ దున్న. రెండూ అసిరమ్మ పడ్డచోటే. కొలతలు నేను తీసినవే, పిన్ని పడ్డ రోజున తీశాను. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ తీయలేదు. పేరు పెట్టిన చోటు మారుతుందా ఎక్కడైనా అనుకున్నాను. కర్ర కనిపిస్తూ ఉంటే కర్ర దగ్గరికి నడిచాం.

ఇడ్లీ మీది మంచు మెల్లగా సముద్రం వైపు జరుగుతుందని నాకు తెలుసు. ఎవరడిగినా పాఠం చెప్పేదాన్ని. దాని మీద మేము పాతిన పేర్లు కూడా దాంతో పాటే జరుగుతాయని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తోచలేదు. చిన్న ఎల్లాజీ, పెద్ద ఎల్లాజీ, టీ మౌలాలి, అందరూ వరసగా సముద్రానికి నడుస్తున్నారు. బంగారయ్య కర్రను గాలి ఎత్తుకుపోలేదు. గోడ విరిగినప్పుడు అది సముద్రంలోకి వెళ్ళిపోయింది. అన్నాళ్ళూ గాలిని అనవసరంగా తిట్టాం.

పగుళ్ళు మాత్రం జరగలేదు. ఏట్లో రాయి మీదుగా నీళ్ళు పోతుంటే నీళ్ళు పోతాయి గానీ, రాయి దగ్గర లేచే ఆ పొంగు అక్కడే ఉంటుంది. ఇక్కడా అంతే. అడుగున ఏదో అడ్డం ఉంది. దాన్ని ఎక్కి దిగేటప్పుడల్లా మంచు పగులుతోంది. ఎర్రజెండాలు పెట్టి మేము ఎవరినీ వెళ్ళనివ్వని చోటు అది, రాడారును కూడా వెళ్ళనివ్వలేదు.

"వదినా" అన్నాడు ఎల్లాజీ, గొంతు సవరించుకుని. "అత్తకి ఎవులు సెప్తారు?"

"సంచి పెట్టినవాళ్ళు" అన్నాను.

నమోదు 7. వంట: ఎవరూ వండలేదు, ఎవరికీ ఆకలి గుర్తు లేదు

తలుపు తట్టింది ఎల్లాజీ. పిన్ని తెరిచింది. అతను చెయ్యి చాపి ఆ నల్ల ముక్కను చూపించాడు. "అత్తా, దున్నకి కూడా తగిల్నాది" అన్నాడు.

పిన్ని ముక్కను చూసింది, అతన్ని చూసింది. బూట్లు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత పనంతా పిన్ని చేతిలోకి వెళ్ళిపోయింది. పంపులకు గొట్టాలు బిగించింది, నీళ్ళు వేడి చేసింది, భుజం దాకా గొట్టం లాగించింది. "ఎడమకి. ఎడమంటే నీ ఎడమ కాదురా, నా ఎడమ." వేడి నీళ్ళు పగుల్లోకి పోస్తుంటే మంచు బుసబుసమంటూ కుంగింది. పక్కలు కూలకుండా ఎల్లాజీ మెట్లు చెక్కాడు. ఎవరూ చెప్పకుండానే అందరికంటే ఎక్కువ తవ్వాడు.

అడుగున మొదట నీలంగా కనిపించింది, తర్వాత బూడిద రంగుగా. పొగ పక్కకు తొలగాక నల్లటి రాయి ఒకటి తడితడిగా బయటపడింది. నులక మంచమంత ఉంటుంది. నడుమ చిన్న అంచు లేచి ఉంది.

మౌలాలి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మూడోసారి కొలవబోతుంటే ఎల్లాజీ కొలిచే కర్ర లాక్కున్నాడు.

"పైనే ఉండాది!" అని అరిచాడు మౌలాలి. "సముద్రం కంటే పైనే ఉండాదక్కా! శానా పైన!"

అంతే, నేను పరుగెత్తాను. కింద చూసుకుని నడిచే మనిషిని, మెట్ల వైపు చూడకుండా పరుగెత్తాను. రెండో మెట్టు మీద కాలు జారింది, మిగతావన్నీ కూర్చునే దిగాను. అడుగున మోచెయ్యి రాయికి తగిలింది. టంగుమంది. పిన్ని చెప్పిన మాటలో అక్షరం తేడా లేదు.

ఎల్లాజీ నవ్వడం మొదలుపెట్టాడు. మౌలాలి అందుకున్నాడు. పైనుంచి దున్న, "నవ్వడం పూర్తయ్యాక తాడు వేస్తానండీ" అంది. నా ఎముక విరిగిందేమోనన్న భయంలోనూ నాకూ నవ్వు ఆగలేదు.

పిన్నిని తాడు కట్టి దించారు. నా పక్కన కూర్చుంది. చేతి తొడుగు తీసి, రాయి మీద అరచేత్తో ఒకసారి తట్టింది. ఇంకోసారి తట్టింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని ఏడ్చింది, నోరు తెరిచి, చిన్నపిల్లలా. నేను ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాను. ఎల్లాజీ మెట్ల మీద తల వంచుకుని నిలబడ్డాడు.

"ఒరే, ఇలారా" అంది పిన్ని, ముక్కు తుడుచుకుని.

వచ్చాడు.

"నాలిక పెట్టి సూడు. సేపో రాయో సెప్పు."

"అత్తా..."

"పెట్టు."

ఎల్లాజీ మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, నాలుక పెట్టి చూశాడు. గంభీరంగా లేచాడు. "ఉప్పు సాలలేదు" అన్నాడు. పిన్ని వాడి వీపు మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బ చప్పుడు గుంటలో రెండుసార్లు వినిపించింది.

నమోదు 8. వంట: అసిరమ్మ

పులుసు. మౌలాలి మూడోసారి అడిగాడు, నాలుగోసారీ అడిగాడు.

కేంద్రం నుంచి జవాబు వచ్చింది. కొలతలు అందినవి, దీవి దీవిగానే ఉండును, కాపలా కొనసాగును, పంపులకు కొత్త గొట్టములు పంపబడును. చివర ఒక వాక్యం: "సదరు శిలకు పటములో పేరు పెట్టి తెలుపవలెను."

గొడవ అక్కడ మొదలైంది. పద్ధతి ప్రకారం పడ్డవాళ్ళ పేరు పెట్టాలి. ముందు పడింది పిన్ని. కానీ కొలతల ప్రకారం రాయి మీద పడి కనిపెట్టింది దున్న. అందరూ చూస్తుండగా పడింది నేను.

"దున్న శిల అని పెడదాం, గంబీరంగా ఉంటాది" అన్నాడు ఎల్లాజీ.

"నా మోకాలు తగిలిన చోటుకి గేదె పేరేట్రా?"

"నాకు అభ్యంతరం లేదండీ" అంది దున్న, గుమ్మం అవతల నుంచి.

"నూకక్క పేరు పెట్టుండ్రి. ఇన్నేండ్లకి పడిండాది పాపం" అన్నాడు మౌలాలి. ఎంత మొహమాటపడ్డా, ఆ మాట నాకు లోపల తీయగానే ఉంది. మోచేతికి కట్టు కట్టుకుని ఉన్నాను కూడా.

చివరికి ఈ గొడవ పిన్ని కర్రతోనే తెగుతుందనుకున్నాం. "పిన్నీ, అన్యాయం ఎందుకు, ఆ పేరు నీదే. కింద వాలులో ఉన్న నీ కర్రను పీకి తెచ్చి రాయి పక్కన పాతుతాం. అక్కడే ఉంటే ఎప్పటికైనా గోడ దాకా వెళ్ళి సముద్రంలో పడిపోతుంది" అన్నాను.

పిన్ని గిన్నె అడుగు గీకి ఎల్లాజీ పళ్ళెంలో వేసింది. కూర్చుంది.

"పడిపోనీ" అంది.

"అదేంటి పిన్నీ?"

"గవ్వలపేట ములిగిపోనప్పుడు పేరు మిగిల్నాది. నా కార్డు మీద ఉంది, నీ కార్డు మీద ఉంది, వీడి కార్డు మీదా ఉంది. నేల ఎలిపోనాది. ఏటి సేసుకున్నామే ఆ పేరుతోటి? ఈ పాలి పేరే ఎలిపోనీ. నేలుంటే నాకు సాలు."

ఎల్లాజీ తింటున్నవాడు ఆగిపోయాడు. మౌలాలి లేచి పిన్ని గ్లాసులో నీళ్ళు పోశాడు. ఆమె మూట ఇంకా గది మూలన ఉంది. భోజనాలయ్యాక నేనూ ఆమే కలిసి దాని రెండు ముళ్ళూ విప్పాం. చింతపండు అచ్చు వంటింటికి తిరిగి వచ్చింది.

పటంలో ఆ చోట నల్ల చుక్క పెట్టాను. పక్కన ఏమీ రాయలేదు. పేరు లేకుండా నేను వదిలిన మొదటి చోటు ఇది. కేంద్రంలో చదివేవారికి ఇబ్బంది అయితే మన్నించాలి. మా పేర్లన్నీ ఆ చుక్క కింద, వాలులో, సముద్రం వైపు నడుస్తూ ఉంటాయి. ఏటా వాటి కొలతలు మళ్ళీ తీస్తాను. పిన్ని పసుపు గుడ్డ మార్చడానికి వెళ్ళినప్పుడు ఏటా ఇంకొంచెం దూరం నడుస్తుంది.

నా మోచెయ్యి ఇంకా వాచే ఉంది. ఎలా ఉందని మౌలాలి పొద్దున అడిగాడు. నేల తగిలింది, నొప్పిగా ఉంది అని చెప్పాను. చెప్పి, పిన్ని వైపు చూశాను. ఆమె తన మోకాలు రుద్దుకుంటూ నవ్వుతోంది.